తెగిన నరమునకు దారి

ఇంటిలోని రేడియోకు పోవు విద్యుత్తీగను ఎలుక కొఱికి తెంపినదనుకొందము. రెండు కొనలను చాకుతో గీచి, ఒకదానితో నొకటి మెలిపెట్టి, పైన నల్లని అంటుపట్టీ చుట్టినచో మరుక్షణమే పాట వినవచ్చును. చేతిలోని నరము తెగినప్పుడును ఇట్లే జరుగునని మనలో పలువురు తలంతురు. వైద్యుడు రెండు కొనలను కుట్టినాడు, ఇక రేపో మాపో వ్రేళ్లు కదలునని ఎదురుచూతురు. రేపు గడచును, మాపు గడచును, నెల గడచును, వ్రేళ్లు కదలవు. అప్పుడు వైద్యునిమీదనో విధిమీదనో నింద పడును. నిజమునకు లోపము మనము తెచ్చుకొన్న పోలికలో నున్నది. నరము తీగవంటిదే గాని రాగితీగవంటిది కాదు, ఆనపతీగవంటిది. తెగిన రాగితీగను అతికినచాలును. తెగిన నరము మఱల పెరుగవలెను. పెరుగుటకు దానికి దారి కావలెను. ఆ దారిని మానవుడు ఎట్లు వేయ నేర్చుచున్నాడో, ఆ పనిలో ఎంతవఱకు వచ్చినాడో, అందులో ఇంటింటివారును తెలిసికొనవలసిన దేమో చెప్పుట మా ఉద్దేశము.

ముందుగా మాట తేటపడవలెను. మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోను, ఇతర ప్రాంతములలోను ‘నరము తెగినది’ అను మాటను మూడు వేఱువేఱు సంగతులకు వాడుచుందురు. రక్తము చిమ్మినచో నరము తెగినదందురు, తెగినది రక్తనాళము. వ్రేలు వంగకున్నచో నరము తెగినదందురు; పెక్కుసార్లు తెగినది కండరమును ఎముకకు బిగించియుంచు త్రాటివంటి బంధనము. నిజమైన నరము ఈ రెండును కాదు. అది తెల్లనైన, మెత్తనైన దారము. మణికట్టువద్ద పెన్సిలుకంటె సన్నముగను, వ్రేలిలో అగ్గిపుల్లకంటె సన్నముగను ఉండును. దానిని అడ్డముగా కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో, వేలకొలది తంతువులు కట్టలుకట్టలుగా కనబడును. ఒక్కొక్క తంతువు వెన్నుపాములోనో దాని ప్రక్కనో ఉన్న ఒక జీవకణము చాచిన చేయి వంటిది. నడుమునుండి కాలి వ్రేలివఱకు పోవు తంతువు పొడవు మీటరు వఱకు ఉండును. కొన్ని తంతువులు కండరములకు ఆజ్ఞలను కొనిపోవును. కొన్ని స్పర్శను, వేడిని, నొప్పిని మెదడునకు తెచ్చును. మెదడునకు, వెన్నుపామునకు వెలుపల వ్యాపించియున్న ఈ నరములనుగుఱించియే మేము చెప్పబోవుచున్నాము. వెన్నుపాము తెగుట వేఱు సంగతి. అందులోని తంతువులు ఇట్లు మఱల పెరుగవు.

ఈ నరములకు గాయమగుటకు యుద్ధభూమికి పోనక్కఱలేదు. వరికోతలలో కొడవలి జారి ఎడమచేతి వ్రేలు తెగును. నూర్పిడి యంత్రములోనో, చెఱకు రసము తీయు యంత్రములోనో చేయి పడును. కిటికీ అద్దము పగిలి మణికట్టును కోయును. ఉద్దానపు తోటలలో కొబ్బరిచెట్టు నుండి జారిపడినవాని భుజము ఊడి, దానితో నరము సాగిపోవును. ఇచ్ఛాపురమునుండి భోగాపురము మీదుగా సాగు జాతీయ రహదారిపై మోటారుసైకిలు బోల్తాపడినప్పుడు, మెడకును భుజమునకును నడుమ గల నరముల కుదురు చినిగి, చేయి మొత్తము వ్రేలాడబడును. పిఱ్ఱలో తప్పుచోట పొడిచిన సూదిమందువలన పాదము పైకి లేవకుండుటయు కలదు. గాయపడువారిలో హెచ్చుమంది చేతిపనిచేసి బ్రదుకువారు. వారికి వ్రేలి స్పర్శ అనగా కూలి, అన్నము.

అన్ని గాయములును ఒకటి కావు. 1943లో సెడ్డన్ అను ఆంగ్ల వైద్యుడు వీనిని మూడు తరగతులుగా విభజించెను. మొదటి తరగతిలో నరము నలుగును గాని తంతువులు తెగవు. కుర్చీ వీపుమీద చేయి వ్రేలాడవేసి గాఢముగా నిద్రించి లేచినవానికి మణికట్టు పడిపోవుట ఇట్టిది. అది కొన్ని దినములలో, లేదా కొన్ని వారములలో తనంత తాను బాగగును. రెండవ తరగతిలో లోని తంతువులు తెగును గాని వానిని చుట్టియున్న తొడుగులు నిలిచియుండును. తంతువులు ఆ తొడుగులవెంట మఱల పెరుగగలవు. మూడవ తరగతిలో నరము మొత్తము తెగి రెండు ముక్కలగును. ఇందు శస్త్రచికిత్స లేనిదే మేలు కలుగదు. పైకి చూచిన కంటికి ఈ మూడును ఒకే విధముగా నుండుటయే చిక్కు.

తెగిన నరములో ఏమి జరుగునో 1850లో వాలర్ అను శాస్త్రజ్ఞుడు కప్ప నాలుక నరములను కోసి పరిశీలించెను. మూలకణమునుండి వేఱుపడిన తంతుభాగము కొన్ని దినములలో ముక్కముక్కలై నశించునని ఆయన కనుగొనెను. ఇది వినుటకు నాశనమువలె తోచును గాని నిజమునకు పొలమును దున్ని సిద్ధపఱచుటవంటిది. తంతువులను చుట్టియుండు ష్వాన్ కణములని కొన్ని కలవు. 1839లో జీవకణ సిద్ధాంతమును ప్రకటించిన జర్మను శాస్త్రజ్ఞుని పేరు వానికి పెట్టిరి. తంతువు నశింపగనే ఈ కణములు చెత్తను ఊడ్చివేసి, సంఖ్యలో పెరిగి, ఒకదాని వెనుక నొకటి బారుతీరి నిలుచును. అంతేకాక, తంతువు పెరుగుటకు వలసిన పోషకద్రవ్యములను స్రవించును. ఆవలి ఒడ్డున దీపములు పట్టుకొని నిలిచినవారి వంటివి ఈ కణములు. ఈవలి ఒడ్డునుండి తెగిన తంతువు మొలకెత్తును. ఆ మొలక కొన చిన్న చేయివలె తడవుకొనుచు ముందునకు పోవునని స్పెయిను దేశీయుడు కహాల్ 1890 ప్రాంతమున సూక్ష్మదర్శినిలో చూచి వర్ణించెను.

ఆ మొలక నడక మిక్కిలి మెల్లనిది. దినమునకు సుమారొక మిల్లీమీటరు, అనగా నెలకు అంగుళమునకు కొంచెము హెచ్చు. ఈ ఒక్క లెక్కను ఇంటివారు గుర్తుంచుకొన్నచో ఎన్నో అపోహలు తొలగును. మణికట్టువద్ద తెగిన నరమునుండి వ్రేలికొనకు సుమారు 18 సెంటీమీటర్లు. అనగా ఎంత చక్కగా కుట్టినను, స్పర్శ వ్రేలికొనను చేరుటకు ఆఱునెలలకు పైగా పట్టును. మోచేతివద్ద తెగినచో అరచేతిలోని చిన్న కండరములను చేరుటకు పదినెలలో, సంవత్సరమో పట్టును. అంతకాలము కండరము వేచియుండవలెను గదా! ఆజ్ఞలు రాని కండరము దినదినము క్షీణించును. సంవత్సరము, సంవత్సరమున్నర గడచిన తర్వాత అది పీచుగను క్రొవ్వుగను మాఱి, నరము వచ్చి తలుపు తట్టినను లేవదు. కావున నరము విషయములో పోయిన నెల మఱల రాదు.

తెగినది గాజుముక్కతోనో పదునైన కత్తితోనో అయి, వెంటనే వైద్యుని చేరినచో, రెండు కొనలును దగ్గఱగనే యుండును. సూక్ష్మదర్శిని క్రింద, తలవెండ్రుకకంటె సన్నని దారముతో పై పొరను కుట్టుదురు. కాని యంత్రములో పడి నలిగినచోట నరములో కొంత భాగము చెడిపోవును. దానిని కోసివేయక తప్పదు. ఆలస్యముగా వచ్చినవారిలో కొనలు ముడుచుకొని, మచ్చకట్టి యుండును; ఆ మచ్చనుగూడ తీసివేయవలెను. అప్పుడు నడుమ ఖాళీ ఏర్పడును. బలవంతముగా లాగి కుట్టుదమా, లాగుడుపడిన నరములో రక్తప్రసారము తగ్గి, కుట్టినచోట మచ్చ హెచ్చి, మొలకలు దాటలేవు. కుట్టకుండ విడుతుమా, మొలకలు దారి తెలియక ఒకచోట ముద్దకట్టి, తాకినంతనే ప్రాణము పోవునట్టి నొప్పిగల గడ్డ యగును.

ఈ ఖాళీకి నేటికిని మొదటి ఉపాయము, రోగియొక్క మఱియొక నరమును తెచ్చి వేయుట. పిక్క వెనుకనుండి చీలమండ ప్రక్కకు దిగు ఒక సన్నని స్పర్శనాడిని తీసి, ముక్కలుగా చేసి, ఖాళీలో పేర్చి కుట్టుదురు. వియన్నా నగరపు వైద్యుడు మిల్లేసి 1970 ప్రాంతమున ఈ పద్ధతిని, కట్టకు కట్ట ఎదురుగా వచ్చునట్లు పేర్చుటను, చక్కగా స్థిరపఱచెను. తెచ్చిన ముక్కలోని తంతువులు చచ్చిపోవును. కాని దానిలోని తొడుగులు, ష్వాన్ కణములు నిలిచి దారి చూపును. అయితే చేతికి మేలుచేయుటకు కాలికి కోతపెట్టవలెను. పాదము వెలుపలి అంచు మొద్దుబాఱును. అట్టి నరము మన దేహములో ఉన్నదే కొద్ది. పెద్ద గాయములకు అది చాలదు.

కావున, దేహమునుండి తీయకుండ బయట తయారుచేసిన దారిని వేయలేమా యను ప్రశ్న పుట్టినది. ఈ ప్రశ్న కొత్తది కాదు. 1882లోనే వాన్లేర్ అను వైద్యుడు సున్నము తీసివేసిన ఎముక గొట్టమును కుక్క నరమునకు తొడిగి, 3 సెంటీమీటర్ల ఖాళీని దాటింప యత్నించెను. తరువాత పలువురు రక్తనాళములను, రబ్బరును, లోహములను వాడిచూచిరి. హెచ్చు ఫలితము కనబడలేదు. 1980 దశకమున స్వీడను దేశమున లుండ్‌బోర్గ్ అను శస్త్రవైద్యుడు సిలికోన్ గొట్టములతో చేసిన పరిశీలనలవలన అసలు రహస్యము తేటపడినది. ఎలుక నరములో 10 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచి, రెండు కొనలను గొట్టములో దూర్చి చూచిరి. కొన్ని గంటలలో గొట్టము నిండ ద్రవము ఊరినది. ఒక వారములో ఆ ద్రవమునుండి ఫైబ్రిన్ అను పదార్థము, అనగా గాయముపై రక్తము గడ్డకట్టుటకు తోడ్పడునదియే, సన్నని త్రాడువలె ఈ కొననుండి ఆ కొనవఱకు ఏర్పడినది. రెండవ వారములో ఆ త్రాటిని పట్టుకొని ష్వాన్ కణములు ప్రాకినవి. వాని వెనుక, నెల తిరుగునప్పటికి, తంతువులు దాటినవి. దేహమే ముందు వంతెనకు త్రాడు కట్టుకొని, తరువాత దానిపై నడచుచున్నదన్నమాట.

ఇంగ్లీషువారు ఇట్టి సాధనమును ‘స్కాఫోల్డ్’ అందురు. తాపీపనివారు గోడకట్టునపుడు వేసికొను పరంజా అని ఆ మాటకు అర్థము. గోడ పూర్తియైన పిమ్మట పరంజాను విప్పివేయుదురు. నరమునకు వేసిన పరంజాయు పని ముగియగనే పోవలెను. లేకున్న లోపలి నరమును బిగబట్టి నొక్కును. సిలికోన్ గొట్టములో వచ్చిన లోపమిదియే. కావున దేహములో తనంత తాను కరగిపోవు పదార్థములకై వెదకిరి. లోపలి కుట్లకు వాడు కరగిపోవు దారమున్నది గదా. ఆ జాతి పదార్థముతో చేసిన గొట్టమును 1999లోను, పశువుల కండరబంధనములనుండి తీసిన కొల్లాజెన్ అను మాంసకృత్తుతో చేసిన గొట్టమును 2001లోను అమెరికాలో వాడుటకు అనుమతించిరి. దానము చేయబడిన మృతదేహముల నరమునుండి కణములను కడిగివేసి, ఒట్టి తొడుగులను మాత్రము మిగిల్చి వాడు పద్ధతియు అక్కడ ప్రచారములోనికి వచ్చినది. రోగి సొంత సిరనే గొట్టముగా చేసి, కొన్నిసార్లు అందులో కొంచెము కండరమునుంచి కుట్టు పద్ధతి కూడ కలదు. కొనవలసిన వస్తువేమియు లేకుండుటచేత అది బీదలకు అనుకూలము.

ఇట్టి పదార్థములలో ఒకటి మన ఇండ్ల పెరటిలోనే పడియుండునది. భావనపాడునుండియో కళింగపట్టణమునుండియో, చింతపల్లి తీరమునుండియో వచ్చిన రొయ్యలను ఒలిచి, పెంకును పారవేయుదుము. ఆ పెంకులో కైటిన్ అను గట్టి పీచు పదార్థము కలదు. పెంకును ఆమ్లములో నానవేసి సున్నమును, క్షారములో ఉడికించి మాంసకృత్తును తీసివేయగా కైటిన్ మిగులును. దానిని మఱల ఘాటైన క్షారములో ఉడికింపగా కైటోసాన్ అను పదార్థమగును. ఇది వినెగరువంటి తేలికయైన ఆమ్లములో కరగును గనుక పలుచని పొరలుగను, దారములుగను, గొట్టములుగను పోతపోయవచ్చును. ష్వాన్ కణములు దీనిపై చక్కగా అంటుకొని ప్రాకును. ఇది మెల్లమెల్లగా దేహములో విచ్ఛిన్నమగును. దీనితో చేసిన గొట్టములు 2010 దశకమున ఐరోపాలో వ్రేలి నరములకు వాడుకలోనికి వచ్చినవి. అయితే ఇంటిలో ఒలిచిన పెంకునకును వైద్యునిచేతి గొట్టమునకును మధ్య ఎంతో శుద్ధి, ఎంతో పరీక్ష ఉన్నవని వేఱుగా చెప్పనక్కఱలేదు. గాయముపై రొయ్యపెంకు నూఱి వేయుమని ఎవరైన చెప్పినచో వినరాదు.

ఇంతవఱకు దారి సుగమముగనే యున్నట్లు తోచును. కాని ఈ ఉత్తగొట్టములకు ఒక హద్దు కలదు. మనుష్యులలో సుమారు 3 సెంటీమీటర్లకు లోపల, అందులోను వ్రేళ్లలోని సన్నని స్పర్శనాడులలో, ఇవి బాగుగా పనిచేయును. ఖాళీ అంతకు మించినచో మేము పైన చెప్పిన ఫైబ్రిన్ త్రాడు నడుమ సన్నగిల్లి తెగిపోవును. త్రాడు లేనిదే కణములు ప్రాకవు. కణములు లేనిదే తంతువులు రావు. కావున శాస్త్రజ్ఞులకు ఈ ఆలోచన కలిగినది: దేహము కట్టుకొనలేని ఆ త్రాటిని మనమే గొట్టము లోపల కట్టియుంచరాదా? గొట్టమనగా గోడలు మాత్రమే. ఆనపపాదునకు కంచె ఉన్నంతమాత్రమున చాలదు, పందిరివఱకు ప్రాకుటకు లోపల దారము కట్టవలెను.

దారమెట్లు కట్టవలెనో తెలిసికొనుటకు ఒకసారి పొందూరు పోయివత్తము. శ్రీకాకుళము జిల్లాలోని ఈ గ్రామపు సన్నఖద్దరు దేశమంతటను పేరుపొందినది. అక్కడి స్త్రీలు గింజతో కూడిన పత్తిని తీసికొని, వాలుగచేప దవడయెముకకు గల సన్నని పండ్లతో మెల్లగా దువ్వుదురు. దువ్విన కొలది చెత్త రాలిపోయి, చిక్కులు వీడి, పోగులన్నియు ఒకే దిశకు తిరుగును. ఆ తరువాతనే గింజ తీయుట, ఏకుట, వడకుట. పత్తి మాఱలేదు, పోగు మాఱలేదు. మాఱినది పోగుల వరుస. ఆ వరుసలేనిదే నూఱవ నంబరు నూలు రాదు.

ఇదే సంగతి నరమునకును వర్తించునని నిరూపించినవారిలో ఒక తెలుగువాడుండుట మనకు సంతోషకరము. ఉస్మానియా విశ్వవిద్యాలయములో వైద్యసంబంధమైన ఇంజనీరింగు చదివి, అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయమున 1994లో డాక్టరేటు పొందిన బెల్లంకొండ రవిగారు, జార్జియా టెక్ విద్యాసంస్థలో పనిచేయుచున్న కాలమున, తన సహచరులతో కలిసి 2008లో ఒక ప్రయోగమును ప్రకటించిరి. చలిబట్టలకు వాడు అక్రిలిక్ ఉన్నిజాతి పదార్థముతో 400 మొదలు 600 నానోమీటర్ల మందముగల పోగులను తీసిరి. తలవెండ్రుకను నూఱు పాయలుగా చీల్చినను ఒక్కొక్క పాయ ఈ పోగుకంటె మందముగనే యుండును. ఆ పోగులతో రెండు విధములైన పలుచని పొరలు చేసిరి. ఒక విధములో పోగులన్నియు ఒకే దిశకు సాగియుండును. రెండవ విధములో దిక్కుతోచనట్లు చిక్కుపడియుండును. ఈ పొరలను గొట్టములలో పేర్చి, ఎలుక కాలినరములో 17 మిల్లీమీటర్ల ఖాళీలో అమర్చిరి. ఏ పోషకద్రవ్యమును, ఏ కణమును చేర్చలేదు. వరుసపోగుల పొరలు గల గొట్టములలో తంతువులు ఆ ఖాళీని దాటి కండరములను మఱల చేరుకొన్నవి. చిక్కుపోగుల పొరలలో అట్లు జరుగలేదు. పదార్థ మొక్కటే, మందమొక్కటే; తేడా వరుసలో మాత్రమే. మందు లేకుండ, కేవలము దిశ చూపుటచేతనే నరమునకు సాయము చేయవచ్చునని దీనివలన తేలినది.

ఇంత సన్నని పోగులను తీయు విధము కూడ రాట్నమునకు దూరపు చుట్టమే. కరగించిన పదార్థమును సన్నని సూదిగుండ బొట్టుబొట్టుగా వదలుచు, సూదికిని ఎదుటి పళ్లెమునకును నడుమ వేలకొలది వోల్టుల విద్యుత్తు నుంచుదురు. విద్యుత్తు ఆ బొట్టును లాగి కంటికి కనబడని పోగుగా సాగదీయును. పళ్లెమునకు బదులు వేగముగా తిరుగు డోలునుంచినచో పోగులు దానిపై వరుసగా చుట్టుకొనును. ఇప్పుడు కరగిపోవు పదార్థములతోను, పట్టుతోను, కొల్లాజెన్‌తోను, కైటోసాన్‌తోను ఇట్టి పోగులు తీయుచున్నారు. వానికి పెరుగుదలను ప్రోత్సహించు ద్రవ్యములను పూయుట, రోగియొక్క కణములను ముందుగనే ఎక్కించుట వంటి యత్నములు ప్రయోగశాలలలో సాగుచున్నవి.

ఆశ కలిగించునపుడు హద్దును గూడ చెప్పుట మా విధి. ఎలుకలో 17 మిల్లీమీటర్లు దాటుట వేఱు, మనుష్యుని చేతిలో 7 సెంటీమీటర్లు దాటుట వేఱు. మనుష్యునిలో దూరము హెచ్చు, కాలము హెచ్చు. తంతువుల శక్తి కాలముతో తగ్గును. పెద్ద నరములలో పెద్ద ఖాళీలకు రోగి సొంత నరమును తెచ్చివేయుటయే నేటికిని ప్రమాణమైన చికిత్స. భుజముదగ్గఱ కుదురే చినిగినచోట, దూరమునుండి నరము పెరుగువఱకు ఆగక, కండరమునకు దగ్గఱలోనున్న మంచి నరమునుండి ఒక పాయను మళ్లించి కలుపు పద్ధతి కూడ మంచి ఫలితములనిచ్చుచున్నది. కావున ‘గొట్టము వేసినచో అంతయు బాగగును’ అని ఎవరైన వాగ్దానము చేసినచో, ఏ నరము, ఎంత ఖాళీ, గాయమై ఎంతకాలమైనది అని మూడు ప్రశ్నలడుగుట మంచిది.

ఈ జిల్లాలలో నరముల మాట వచ్చినపుడు కుష్ఠువ్యాధిని విడిచిపెట్టుట న్యాయము కాదు. 1873లో హాన్సెన్ కనుగొన్న ఆ సూక్ష్మజీవి దేహములో చేరి దాగుకొను చోటు, మేము పొగడిన ఆ ష్వాన్ కణములే. మోచేతివద్ద, మోకాటి ప్రక్కన చర్మమునకు దగ్గఱగా నుండు నరములు వాచి, నొప్పిపుట్టి, క్రమముగా మొద్దుబాఱును. వ్రేళ్లు వంకరపోవుటయు, అరికాలిలో మానని పుండ్లు పడుటయు నరము చెడుటవలన కలుగునవే. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఇట్టి రోగులకు దీర్ఘకాలము సేవచేసినది. 1940 దశకము చివర వెల్లూరులో పాల్ బ్రాండ్ అను వైద్యుడు మంచి కండరపు బంధనమును చెడిన కండరపు పనికి మళ్లించి, ముడుచుకొన్న వ్రేళ్లను తెఱపించు శస్త్రచికిత్సను ఈ రోగులకు చేయ మొదలిడెను. అయితే ఇందు తెగుట లేదు గనుక గొట్టములు, పోగులు పనికిరావు. 1980 దశకమునుండి వాడుకలోనున్న బహుళ ఔషధ చికిత్సయే దీనికి మందు. అది ఉచితముగా లభించును. స్పర్శలేని మచ్చ కనబడినంతనే, నరము నొప్పిపుట్టినంతనే, దాచుకొనక వైద్యుని చూచినవారికి వ్రేలు వంకరపోవు దశ రాకుండ కాపాడవచ్చును.

ఇక తెగిన గాయము విషయములో ఇంటివారు చేయవలసిన పని చెప్పుదము. చేయి తెగినంతనే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, చేతిని గుండెకంటె ఎత్తుగా నుంచవలెను. కాఫీపొడి, పసుపు, బూడిద, కిరసనాయిలు గాయములో వేయరాదు. వానివలన మంచి నరముగూడ చెడును. పురికొసతోనో తీగతోనో పైన బిగించి కట్టరాదు. రక్తము నిలిచిన పిమ్మట రెండు చిన్న పరీక్షలు చేయవలెను. గాయపడినవానిని కన్నులు మూసికొమ్మని, ఒక్కొక్క వ్రేలికొనను దూదితో తాకి, తెలియుచున్నదా అని అడుగవలెను. వ్రేళ్లను ఎడముగా చాపుమని, బొటనవ్రేలిని చిటికెనవ్రేలికి తాకింపుమని, మణికట్టును పైకెత్తుమని చెప్పవలెను. కాలికి దెబ్బయైనచో పాదమును పైకెత్తింపవలెను. ఏది చేయలేకపోయినను ఆ మాటను వైద్యునికి ముందుగనే చెప్పవలెను. ఏలయనగా, పైచర్మము కుట్టినంతమాత్రమున లోని నరము కుట్టినట్లు కాదు. చర్మము మానిపోయి, కుట్లు విప్పి, ఆఱునెలలు గడచిన పిమ్మట ‘వ్రేలికి ఇంకను తెలివిరాలేదు’ అని బయలుదేరువారిని మేమెఱుగుదుము. అప్పటికి అమూల్యమైన కాలము గడచిపోవును. పదునైన కోతను కొన్ని దినములలోపల చక్కదిద్దుట అన్నిటికంటె మేలు. దగ్గఱి ఆసుపత్రిలో నరము కుట్టు సౌకర్యము లేనిచో, విశాఖపట్టణములోని కింగ్ జార్జి ఆసుపత్రి వంటి బోధనాసుపత్రులలో ప్లాస్టిక్ సర్జరీ విభాగమునకు పంపుమని అడుగుటకు సంకోచింపనక్కఱలేదు.

శస్త్రచికిత్స ముగిసిన తర్వాత ఇంటివారి పని మొదలగును. స్పర్శలేని చేయి పొయ్యిమీది గిన్నెను పట్టుకొని కాలినను తెలిసికొనదు. కావున కన్నులతో చూచుకొనుచు పనిచేయ నేర్పవలెను. కీళ్లు బిగిసిపోకుండ దినదినము రెండవ చేతితో వంచి చాపవలెను. వైద్యుడిచ్చిన బద్దను చెప్పినంతకాలము కట్టుకొనవలెను. నరము పెరుగుచున్నదో లేదో తెలిసికొనుటకు 1915 నుండి వైద్యులు వాడు సులభమైన గుర్తు ఒకటి కలదు. నరము పోవు దారివెంట వ్రేలితో మెల్లగా తట్టుచు పోయినచో, మొలక చేరినచోట చీమలు ప్రాకినట్లు జుమ్మని తోచును. ఆ చోటు నెలనెలకును అంగుళమంత ముందునకు జరుగుచున్నచో సంతోషింపవచ్చును. నెలలు గడచినను ఒకేచోట నిలిచిపోయినచో వైద్యునికి చూపవలెను.

విత్తిన గింజను త్రవ్వి చూచినచో మొలకెత్తదని రైతుకు తెలియును. నరమునకును అంతే. శాస్త్రజ్ఞుడు దారి వేయగలడు, వైద్యుడు దానిని కుట్టగలడు, నడువవలసినది నరమే. దినమునకొక మిల్లీమీటరు చొప్పున అది నడచుచుండగా, ఓపికతో కనిపెట్టి, కీళ్లను కదలించుచు, కాలకుండ కోసికొనకుండ ఆ చేతిని కాచుకొనుట ఇంటివారి వంతు. అది నడచి వచ్చునప్పటికి కండరము మేలుకొనియుండవలెనన్నచో, మొదటి అడుగును మనము ఆలస్యము చేయరాదు.